గోడకి ఐదు అంగలు

మా మాబెల్‌ని ఇచ్చేసి ఈయనగార్ని తెచ్చుకున్నారు. అదీ సంగతి. అందుకే మొదటిరోజు అతని ముఖం చూడ్డానికి కూడా నాకు మనసొప్పలేదు.

మాబెల్ అంటే మనిషి కాదు, బంతులు విసిరే యంత్రం. పదకొండేళ్లు మా బేస్‌బాల్ జట్టు, ఎల్క్‌ఫర్డ్ పెలికన్స్ ఆటగాళ్లందరికీ బ్యాటింగ్ నేర్పింది. దాని రబ్బరు చక్రాలు మార్చింది నేను, గ్రీజు పెట్టింది నేను. పాపం, ఒక్కరోజు జ్వరమనలేదు, మోకాలు నొప్పనలేదు. అలాంటిదాన్ని మా మేనేజర్ గస్ పక్క రాష్ట్రం జట్టుకి లారీ ఎక్కించేసి, బదులుగా అలోంజో ప్రిడీ అని, మైదానం చివర గోడ వైపు వచ్చే బంతులు పట్టే ఇరవై తొమ్మిదేళ్ల ఔట్‌ఫీల్డర్ని దింపుకున్నాడు. మా చిన్న లీగుల్లో ఇలాంటి బేరాలు మామూలే. ఒకసారి బంతి విసిరే పిచ్చర్ని ఒకణ్ని ఇచ్చి రెండు డజన్ల బ్యాట్లు తెచ్చుకున్నాం. ఆ బ్యాట్లు మూడేళ్లొచ్చాయి.

నా పేరు వెర్నా. ఈ మైదానం గడ్డీ మట్టీ ఇరవై రెండేళ్లుగా నా చేతిలో ఉన్నాయి. ఎవరు బాగా ఆడతారో చెప్పమని నన్నెవరూ అడగరు. అడక్కపోయినా చెబుతాను, అది వేరే విషయం.

ప్రిడీ సంచి దింపీ దింపకముందే మా టేట్ మొదలెట్టాడు. టేట్ మంచి ఆటగాడే గానీ వాడి నోరు ఊరుకోదు. "ఏంటి గురూ, నువ్వూ గంటకి మూడొందల బంతులు విసురుతావా?"

"విసరలేను గానీ, తిండి మాత్రం దానికన్నా ఎక్కువ తింటా," అన్నాడు ప్రిడీ నవ్వుతూ. మిసిసిపీ మనిషి, మాటలో తొందరుండదు. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ తొక్కలు కాగితం కప్పులో ఉమ్ముతున్నాడు. మిగతావాళ్లంతా నా మట్టిలోనే ఉమ్ముతారు, వెధవలు. ఆ కప్పు నేను చూశాను, చూడనట్టు వెళ్లిపోయాను.

ఆ సోమవారం మధ్యాహ్నం గస్ బ్యాట్ పట్టుకుని అతనికి బంతులు పైకి కొట్టడం మొదలెట్టాడు. మే మొదటివారం, గోడ నీడలో ఇంకా అక్కడక్కడా మంచు కరగలేదు. ప్రిడీ పరుగు మాత్రం ఏం పరుగండీ! బంతి బ్యాటుకి తగలడమే ఆలస్యం, కదిలిపోయేవాడు. కుడికి కొడితే కుడికి, ఎడమకి కొడితే ఎడమకి, బంతి దిగేసరికి కింద గ్లవ్ పెట్టుకుని ఉండేవాడు. మాబెల్‌ని మర్చిపోనుగానీ, బానే ఉన్నాడే అనుకున్నాను.

తర్వాత గస్ గోడకేసి కొట్టాడు. అక్కడ వచ్చింది చిక్కు.

గోడ ముందు గడ్డి ఆపేసి ఎర్రమట్టి పట్టీ పరుస్తాం. ఆకాశంకేసి చూస్తూ పరిగెత్తేవాడికి కాళ్ల కింద గడ్డి పోయి మట్టి తగిలితే, గోడ దగ్గరికొచ్చిందని తెలుస్తుంది. ప్రిడీ ఆ మట్టి మీదకొచ్చి టక్కున ఆగిపోయాడు. బంతి అతని తల మీదుగా వెళ్లి, అతనికీ గోడకీ మధ్య పడింది. మళ్లీ కొట్టాడు గస్, మళ్లీ అంతే. పదకొండుసార్లు కొడితే పదకొండుసార్లూ అంతే.

గస్ అరిగిన బూట్లతో కుడికాలు కాస్త ఈడ్చుకుంటూ నా దగ్గరకొచ్చి టోపీ తీసి తల గోక్కున్నాడు. "భయం. రెండేళ్ల కిందట గోడకి గుద్దుకుని మణికట్టు విరగ్గొట్టుకున్నాడట. మన దగ్గర గాలంతా గోడకేసే వీస్తుంది. సెంటర్ ఫీల్డ్‌లో, సరిగ్గా ఆ గోడ ముందు, గోడంటే జడిసేవాణ్ని పెట్టుకుని నేనేం చేసుకోను?"

"మరి తెచ్చుకోడమెందుకు?"

"తెలిస్తే తెచ్చుకుంటానా? శుక్రవారం మధ్యాహ్నం ఈ ఏటి జట్టు జాబితా పెడుతున్నా. ఇరవై మూడు పేర్లు. అందులో ఇతని పేరుండదు."

"మాబెల్ తిరిగొస్తుందా?"

"మాబెల్ ఊసెత్తకు, వెర్నా."

నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకు కడుపు చల్లబడినంత హాయిగా అనిపించింది. తగిన శాస్తి జరిగింది అనుకున్నాను. ఇంటికెళ్లి అన్నం కూడా తృప్తిగా తిన్నాను.

మంగళవారం పొద్దున్నే దంతె పట్టుకుని మట్టి చదును చేయడానికి వెళ్లాను. రోజూ చేసే పనే. అడుగుజాడలు చెరిపేయడానికి దంతె ఎత్తి, ఆగిపోయాను. గడ్డి అంచు నుంచి ఒకటి, రెండు, మూడు. మూడో జాడలో మడమ లోతుగా దిగింది, అక్కడ ఆగాడన్నమాట. పక్కన ఇంకో వరస. ఒకటి, రెండు, మూడు. వంగి వంగి పదకొండు వరసలూ చూశాను. అన్నిటిలోనూ మూడే. ఒక్కదాంట్లో రెండు లేవు, ఒక్కదాంట్లో నాలుగు లేవు.

ఇరవై రెండేళ్లలో గోడకి జడిసినవాళ్లని ఎంతమందిని చూశానో. భయపడేవాడు ఒకసారి గడ్డి మీదే ఆగిపోతాడు, ఒకసారి గోడ దాకా వచ్చి ముడుచుకుపోతాడు. ఇంత కచ్చితంగా ఎవడూ భయపడడు. ఇతను లెక్కపెడుతున్నాడు!

దంతె అక్కడే పడేసి వెళ్లాను. ప్రిడీ మెట్ల మీద కూర్చుని ఉడికించిన గుడ్లు తింటున్నాడు.

"అబ్బాయ్, మట్టి తగిలాక ఎన్ని అంగలు వేస్తావు?"

"మూడు, మిస్ వెర్నా," అన్నాడు, అడగడమే వింతన్నట్టు. "మూడో అంగకి గోడ. కాళ్లకి తెలుసు, నేను చూడక్కర్లేదు."

"ఎక్కడి గోడ?"

"మా పాత మైదానంలో. నాలుగేళ్లు ఆడానుగా అక్కడ. మట్టి నాలుగు గజాలు."

"ఇక్కడెంతో తెలుసా?"

గుడ్డు నోటి దాకా తీసుకెళ్లినవాడు ఆగిపోయాడు.

"ఏడు గజాలకి బెత్తెడు తక్కువ," అన్నాను. "ఐదేళ్ల కిందట నేనే వెడల్పు చేశాను, ఇక్కడొకడు పళ్లు రాలగొట్టుకుంటే. నువ్వు మూడు వేసి గోడ వచ్చేసిందనుకుని ఆగుతున్నావు. ఇంకా రెండు అంగల దూరముందయ్యా నీకు!"

అతను గుడ్డు పక్కన పెట్టేశాడు. ఇద్దరం గోడ దగ్గరికెళ్లి టేపు పెట్టి కొలిచాం. కొలత చూసి టేపు చుట్టేశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు, "మూడు జట్లు తీసేశాయి నన్ను. ఇక్కడా తీసేస్తే ఇంకెవరూ ఫోన్ చెయ్యరు. మా బావ ఇళ్లకి పైకప్పులు వేసే పని చూసి పెట్టాడు. సోమవారం వచ్చేయమంటున్నాడు."

నాకు సిగ్గేసింది. నిన్న నేను తృప్తిగా తిన్న అన్నం గుర్తొచ్చింది.

గస్‌కి చెప్పాను. వినలేదు. "లెక్కా లేదు, బొక్కా లేదు. భయానికి నువ్వు పేరు మారుస్తున్నావంతే," అన్నాడు. సరే, నీతో కాదు, మట్టితోనే తేల్చుకుంటాం అనుకున్నాను.

నేను చదును చేసిన మట్టి మీద ఆట మొదలయ్యేదాకా ఎవర్నీ కాలు పెట్టనివ్వను. ఒకసారి జట్టు యజమానినే కసిరాను. అలాంటిది బుధవారం పొద్దున్న ఆరున్నరకి ప్రిడీని నిలబెట్టి, "తొక్కు," అన్నాను. పైకి చూస్తూ పరిగెత్తాలి, ఐదు వెయ్యాలి, గోడ మీద అరచెయ్యి ఆనించాలి. పది పరుగులయ్యాక జాడలు ఇద్దరం చూసేవాళ్లం, నేను చెరిపేసేదాన్ని, మళ్లీ మొదలు.

తెలిసినంత మాత్రాన కాళ్లు వింటాయా? మూడో అంగకి కాళ్లు వాటంతటవే బిగుసుకుపోయేవి. ముప్ఫై పరుగులు తీస్తే ముప్ఫైసార్లూ మూడో అంగ దగ్గరే ఆగాడు. మధ్యాహ్నానికి నాలుగు పడింది. మర్నాటికి మళ్లీ మూడుకి దిగిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమయ్యా, నిన్నటి నాలుగో అంగ ఇంట్లో మర్చిపోయి వచ్చావా?"

అతను మోకాళ్ల మీద చేతులు పెట్టి వగరుస్తున్నాడు. "మిస్ వెర్నా, మీకు అబద్ధం చెప్పను. లెక్క ఒక్కటే కాదు. మణికట్టు విరిగిన రోజు వాన పడింది. మట్టెక్కడ మొదలైందో కాలికి తెలియలేదు. నాలుగో అంగ వేశాను. ఆ చప్పుడు ఇంకా వినిపిస్తుంది. గస్ గారన్నది నిజమే, నాకు భయం."

ఏదో ఓదార్పు మాట చెప్పాలని చూశాను, నాకు రాలేదు. "భయముంటే ఉండనీ, దాన్నెవడు పొమ్మన్నాడు? భయపడుతూనే ఐదు లెక్కపెట్టు," అన్నాను. "ఇక్కడ నాలుగో అంగలో గోడ లేదు. ఆ మట్టి పోసింది నేను. నా మీద నమ్మకముందా లేదా?"

"ఉంది."

"అయితే లే."

లేచాడు. ఆ పొద్దున్న ఇంకో నలభై పరుగులు తీశాడు. చివరి పదిలో రెండుసార్లు అరచెయ్యి గోడకి ఆనింది. నలభైలో రెండు. అది చాలదని ఇద్దరికీ తెలుసు.

ఆ గురువారం మధ్యాహ్నమే పక్క ఊరి జట్టుతో సన్నాహక ఆట. జాబితాకి ముందు అదే ఆఖరిది. నేను మైదానం మూల గేటు దగ్గర దంతె పట్టుకుని నిలబడ్డాను. ఆఖరి ఇన్నింగ్స్ దాకా ప్రిడీ వైపు గోడకి ఒక్క బంతి కూడా రాలేదు. మేం ఒక పరుగు ముందున్నాం, వాళ్లవాళ్లిద్దరు పరుగు తీయడానికి సిద్ధంగా బేసుల మీదున్నారు. అప్పుడు వాళ్ల లావుపాటి బ్యాటరొకడు లాగి కొట్టాడు.

ఆ చప్పుడుకే తెలిసిపోయింది, అది గోడకే అని. ప్రిడీ వెనక్కి తిరిగి దౌడు తీశాడు. గడ్డి దాటాడు. ఒకటి. రెండు. మూడు. "వెయ్యరా నాయనా," అన్నాను పైకే. నాలుగు. ఐదు! ఎగిరాడు. ఒళ్లంతా గోడకి కొట్టుకుంది, చెయ్యి గోడ పైకి పోయింది, బంతి గ్లవ్‌లో పడింది, ఆ కుదుపుకి బయటికి దొర్లిపోయింది.

బేసుల మీదున్న వాళ్లిద్దరూ చుట్టి వచ్చేసి రెండు పరుగులు తీసేశారు. ఆట పోయింది. జనం ఉసూరుమన్నారు. "మాబెల్‌ని తీసుకురండ్రా!" అని ఎవడో అరిచాడు, పది మంది నవ్వారు. గస్ టోపీ నేలకేసి కొట్టాడు. ప్రిడీ ఎవరి ముఖమూ చూడకుండా లోపలికెళ్లిపోయాడు.

నేను గస్ చొక్కా పట్టుకుని లాక్కెళ్లాను.

"వదులు వెర్నా! నేను చూడలేదా? క్యాచ్ వదిలేశాడు."

"నువ్వు బంతిని చూశావు. ఇప్పుడు మట్టిని చూడు."

ఐదు జాడలున్నాయి. నేను వంగి ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాను. "మూడో దాంట్లో మడమ దిగిందా? లేదు. ఐదో దాంట్లో చూడు, ముందు వేళ్ల దగ్గర గుంట. ఆగడానికి పెట్టిన కాలు కాదది, ఎగరడానికి పెట్టిన కాలు. భయపడేవాడి జాడేనా ఇది?"

గస్ చాలాసేపు చూశాడు. "అయినా పట్టలేదుగా," అన్నాడు చివరికి.

"చేత్తో పట్టడం నేర్పడం నీ ఉద్యోగం. గోడ దాకా రావడం అతనే నేర్చుకున్నాడు. రెండు రోజుల్లో, నా మట్టి నాశనం చేసి మరీ!"

గస్ టోపీ దులిపి పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను మట్టంతా చదును చేసి, గేటు మూసి ఇంటికెళ్లాను. ఈసారి అన్నం సయించలేదు.

శుక్రవారం పొద్దున్న గేటు తీసి చూస్తే, నిన్న సాయంత్రం నేను చదును చేసిన మట్టి మీద జాడలున్నాయి. నాకు ఒళ్లు మండింది. ప్రిడీవి కావు, అసలు ముళ్ల బూట్లవే కావు. పెద్ద పాదం, అరిగిపోయిన మడమ, కుడికాలు కాస్త ఈడ్చిన గుర్తు. ఆ బూట్లు ఈ ఊళ్లో ఒక్కడివే. గడ్డి అంచు నుంచి గోడకేసి పరిగెత్తిన వరసలు. మొదటిదాంట్లో రెండు అంగలు, ఆగిపోయాడు. తర్వాతి దాంట్లో మూడు. ఆ తర్వాత మళ్లీ మూడు, మడమ లోతుగా దిగింది. ఇంకోదాంట్లో నాలుగు, అక్కడ పక్కకి తూలినట్టుంది. మొత్తం తొమ్మిది వరసలు. ఎంత వెతికినా ఐదు ఒక్కదాంట్లోనూ లేదు.

జాబితా మధ్యాహ్నమన్నాడు కదా. ఎనిమిదింటికే ఆటగాళ్ల గది తలుపుకి అంటించేసి ఉంది. ప్రిడీ దాని ముందు నిలబడి ఉన్నాడు, చేతిలో కాగితం కప్పు, గింజలు నమలడం కూడా మర్చిపోయి. పైనుంచి మొదటి పేరు అతనిదే.