స్లయిడ్ మీద పేరు

ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డు మూసేశాక రెబ్కాకి, ప్రేమమ్మకి పని లేకుండా పోయింది. ఇద్దరూ ఏళ్ల తరబడి అక్కడ ఆయాలు. మంచాన పడ్డవాళ్లకు ఒళ్లు తుడవడం, పుండ్లు కడగడం, పక్కబట్టలు మార్చడం వాళ్లకు వచ్చిన పని. రోగుల ఇళ్లకే వెళ్లి ఆ పని చేద్దామంది రెబ్కా. కానీ తాముండే నల్లపాడులో ఇలాంటి ఇద్దరున్నారని గుంటూరు ఊరికి తెలిసేదెలా?

ఆసుపత్రికి చీటీలు అచ్చువేసిన ప్రెస్సు బాపయ్య దగ్గరికి సలహా కోసం వెళ్లారు.

"రిక్షాలో మైకు పెట్టి తిప్పితే వింటారు, మలుపు తిరగ్గానే మర్చిపోతారు. కరపత్రాలు పకోడీల పొట్లాలవుతాయి. గోడ మీద రాయిస్తే, ఎలక్షన్లు రాగానే సున్నం కొట్టేస్తారు. నా మాట విని సినిమాహాల్లో స్లయిడ్ వేయించండి. ఇంటర్వెల్లో ఆడవాళ్లూ చూస్తారు. కబురు నా ప్రెస్సుకి చెయ్యమని వేద్దాం," అన్నాడు బాపయ్య. కాగితం మీద రాయబోయి ఆగాడు. "ఏమనుకోకమ్మా. రెబ్కా అని వేస్తే చాలా ఇళ్లల్లో గుమ్మం ఎక్కనివ్వరు. రాధమ్మ అని వేద్దాం."

రెబ్కా మొహం మాడిపోయింది. "మా నాన్న పెట్టిన పేరుందండీ నాకు."

"ఆ పేరు పెట్టుకుని పస్తులుందామా? వెయ్యండి బాపయ్యగారూ," అంది ప్రేమమ్మ.

బాపయ్య రాధమ్మ అనే రాశాడు.

స్లయిడ్ చూసి మిరపకాయల వ్యాపారి ఇంటినుంచి కబురొచ్చింది. ఆయన తల్లి సుబ్బరావమ్మకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. కోడలు వెంకటేశ్వరమ్మ ఒక్కతే చేసుకోలేకపోతోంది. రెబ్కా పొద్దున్నే వెళ్లేది, దీపాలు పెట్టేవేళకి తిరిగొచ్చేది. ముసలావిడ మాట ముద్దగా వచ్చినా రెబ్కాకి అర్థమయ్యేది. రెబ్కా తలదువ్వుతుంటే ఆవిడ కళ్లు మూసుకుని హాయిగా పడుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం రెబ్కా పెరట్లో దుప్పట్లు ఉతుకుతోంది. లోపలినుంచి "రాధా... రాధా..." అని వినబడుతూనే ఉంది. ఎవరో ఎవరినో పిలుస్తున్నారనుకుంది. ఆ పిలుపు తనకేనని తోచేసరికి ధబ్బుమని చప్పుడైంది. పరుగెత్తి వెళ్లి చూస్తే సుబ్బరావమ్మ మంచం కింద పడి ఉంది. చెంబు అందుకోబోయిందట. నుదురు చిట్లి రక్తం కారుతోంది.

రెబ్కా రక్తం తుడిచి కట్టు కట్టింది.

"చెవుడా నీకు? అన్నిసార్లు పిలిస్తే పలకవేం?" అని కేకలేసింది వెంకటేశ్వరమ్మ.

"అది నా పేరు కాదమ్మా. నా పేరు రెబ్కా. మేం కిరస్తానీలం. పనికి పిలవరని పేరు మార్చి వేయించుకున్నాం. అమ్మగారు పిలుస్తుంటే నన్ను కాదనుకున్నాను. తప్పు నాదే," అంది రెబ్కా.

సుబ్బరావమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. వెంకటేశ్వరమ్మ, "ఆ ఒళ్లు తుడిచేవాళ్లు ఇంకెవరూ దొరకరు గనక ఊరుకుంటున్నాను. ఇకమీదట మంచినీళ్లు నువ్వు ముట్టుకోవద్దు. నేనే తాగిస్తాను," అంది.

రెబ్కా మర్నాడూ వెళ్లింది. ముసలావిడ ఆమెతో మాట్లాడలేదు. తలదువ్వుతుంటే కళ్లు తెరుచుకునే ఉంది. అలా కొన్నాళ్లు గడిచింది. ఒకరోజు కోడలు గ్లాసు నోటికి అందిస్తే సుబ్బరావమ్మ పెదాలు బిగించేసింది. ఎంత బతిమాలినా తెరవలేదు. మెల్లగా కళ్లు తిప్పి రెబ్కా వైపు చూసింది. వెంకటేశ్వరమ్మ గ్లాసు స్టూలు మీద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

రెబ్కా ఆవిడ తల కింద చెయ్యిపెట్టి నీళ్లు పట్టింది.

ఎండాకాలం రాకముందే సుబ్బరావమ్మ పోయింది. పిల్లలందరూ ఇంట్లో ఏడుస్తుంటే రెబ్కా వీధి అరుగు దగ్గరే నిలబడి ఏడ్చింది.

తర్వాత బాపయ్య దగ్గరికి వెళ్లి స్లయిడ్ మీద తన సొంత పేరే వేయించమంది.

"పిలుపులు తగ్గిపోతాయమ్మా."

"తగ్గనివ్వండి. మనిషి ప్రాణం పోయేట్టు పిలుస్తున్నా పలకని పేరు నాకెందుకండీ?"

నిజంగానే తగ్గాయి. ప్రేమమ్మ కొన్నాళ్లు సణిగి, మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోయింది. వానలు మొదలయ్యాక ఖుర్షిదా అనే టీచరు, తన తండ్రిని చూసుకోమని రెబ్కాని పిలిపించింది. ఆ పెద్దాయనకు మతి సరిగ్గా లేదు. ఎప్పుడో పోయిన చెల్లెలు నసీమున్నీసా అనుకుని రెబ్కాని "నసీమూ, నసీమూ" అని పిలిచేవాడు.

"ఎన్నిసార్లు చెప్పినా వినరు. మీరేం అనుకోకండి," అని నొచ్చుకుంది ఖుర్షిదా.

"పరవాలేదమ్మా," అని రెబ్కా ఆయన పిలిచిన ప్రతిసారీ పలికింది.