తాగనివాడి వ్రతం

బౌద్ధ భిక్షువులు వానాకాలం మూడు నెలలూ గుడి కదలకుండా ఉండే వర్షావాసం మొదలైన రోజునే ఖంసై మంచిపేరు పోయింది. పోగొట్టింది పరాయివాళ్లు కాదు, సొంత అక్క మాలై.

అంతకు కొద్దిరోజుల ముందు పట్నం ఆసుపత్రిలో నోటిగుండా గొట్టం దింపి, అతని క్లోమం నాళంలో సన్నని స్టెంట్ పెట్టారు. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. స్టెంట్ కొన్నాళ్లకు పూడుకుపోతుంది, వచ్చి మార్పించుకోమన్నారు.

"పుట్టుకతోనే నాళం ఇరుకంట అక్కా" అన్నాడు ఖంసై.

మాలై నమ్మలేదు. వాడు పెళ్లిళ్లలో వెదురు ఖేన్ ఊదుతాడు. ఖేన్ మోగేచోట సారా సీసాలు ఉండనే ఉంటాయి. క్లోమం చెడిందంటే ఊళ్లో అందరికీ ఒకటే అర్థం.

"నేను ఊదేవాణ్ణే గానీ తాగేవాణ్ణి కాదే."

"తాగినవాడు తాగానంటాడట్రా?"

చెయ్యి పట్టుకుని గుడికి లాక్కుపోయింది. ఈ మూడు నెలలూ సారా ముట్టబోమని ఒట్టు వేయడానికి ఊళ్లో తాగుబోతులంతా పెద్ద భిక్షువు ముందు బారుగా కూర్చున్నారు. మైకు ఖంసై చేతికొచ్చింది. అక్క వంక ఒకసారి చూశాడు. తల వంచి, ముట్టనన్నాడు.

"నువ్వూ మా జట్టేనా? ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుని తాగావురా?" అని పక్కనున్న తుయ్ తాత అతని భుజం చరిచాడు. వెనక ఆడవాళ్లు మాలైని మెచ్చుకున్నారు. ఆమెకు అది బాగానే ఉంది.

నాట్లు అయ్యేసరికి వాడి తిండి తగ్గింది. జిగురన్నం ముద్ద వేళ్ల మధ్య నలుపుతూ కూర్చునేవాడు. అడిగితే ఎండ అనేవాడు. చివరికి ఒళ్లు కాలే జ్వరంతో గట్టు మీద పడిపోతే, ట్రక్కులో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు.

స్టెంట్ పూడుకుపోయింది. పాతది తీసి కొత్తది వేశాక డాక్టరమ్మ బయటికొచ్చింది.

"నొప్పి మొదలవగానే తీసుకురావద్దా?"

"మళ్లీ తాగాడేమోనండీ" అంది మాలై.

"ఇతనికి తాగుడుతో వచ్చిన జబ్బు కాదమ్మా. పుట్టుకతో వచ్చింది. మొదటిసారే మీ తమ్ముడికి చెప్పాను."

మాలై మంచం దగ్గరికి వెళ్లి, సరిగ్గానే ఉన్న దుప్పటిని మళ్లీ సర్దింది.

"నొప్పి వస్తే నాకు చెప్పొద్దట్రా?"

"చెబితే ఏమనేదానివి? ఒట్టు తప్పాననేదానివి." ఆమె వైపు తిరిగి, "ఊరు మొత్తం మీద ఒట్టు తప్పనివాణ్ణి నేనొక్కణ్ణేనే" అని నవ్వబోయి కడుపు పట్టుకున్నాడు.



వర్షావాసం ముగిసిన రోజు ఒట్టు నిలుపుకున్నందుకు దీవిస్తూ పెద్ద భిక్షువు ఖంసై మణికట్టుకి తెల్లదారం కట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. "అక్కంటే అదీ" అన్నారెవరో. మైకు ఆమె చేతికి అందేంత దగ్గరలోనే ఉంది. మాలై చేతులు జోడించి, చాప అంచు చూస్తూ కూర్చుండిపోయింది.

స్టెంట్ మళ్లీ మార్పించే తేదీకి క్యాలెండర్లో సున్నా చుట్టింది. తమ్ముడు అసలెప్పుడూ తాగలేదని ఊరికి ఇంకా చెప్పలేదు.