చెయ్యెత్తిన మనిషి

సమావేశ మందిరంలో కుర్చీలాయన చివరి వరస సర్దుతూ, ఒక్కో కుర్చీనీ భుజం మీది తువ్వాలుతో తుడుస్తున్నాడు. పొట్టి మనిషి. ఒక మోకాలు సరిగ్గా వంగదు. నగరపాలక సంస్థలో ఇన్నేళ్ళ కొలువులో ఆ కుర్చీల్లో ఒక్కనాడూ కూర్చోలేదు. ప్రజలు కూర్చోవాలి కదా! ఆ ప్రజలే రారు, అది వేరే సంగతి.

ఆ రోజు సినిమావాళ్ళు దిగారు. 'మీ నగరం, మీ మాట' అని ప్రచార చిత్రం. ప్రజలు అడుగుతున్నట్టూ, అధికారులు తలూపి రాసుకుంటున్నట్టూ తీయాలట. అధికారులు వచ్చారు, లైట్లు వెలిగాయి, ప్రజలే లేరు. దర్శకురాలు గుమస్తాలనూ డ్రైవర్లనూ లాక్కొచ్చి కూర్చోబెట్టింది. ఇంకా ముందు వరసలో ఒక కుర్చీ మిగిలిపోయింది.

"పెద్దాయనా, ఇలా రండి. చెయ్యెత్తి లేచి, ఏదో అడుగుతున్నట్టు పెదాలు కదపండి, చాలు."

"ఏం అడగమంటారమ్మా?"

"ఏదైనా సరే. మీ మాట వినబడదు, పైన పాట వేస్తాం."

సినిమాలో వినబడకపోతేనేం, కమిషనరుగారు ఎదురుగానే ఉన్నారు కదా అనుకున్నాడు.

అతనికి అడగాల్సింది ఒక్కటే. ఆఫీసు ముందు బస్టాపులో ఒక బెంచీ ఉండేది. సాయంత్రం కుట్టుమిషను కట్టేసి భార్య అక్కడికే వచ్చేది. ఆవిడ వచ్చేదాకా పక్కన తువ్వాలు పరిచి చోటు ఆపేవాడు. ఎవరైనా కూర్చోబోతే "మనిషున్నారు" అనేవాడు. ఆవిడ పోయాక కూడా ఆ పని మానలేదు. ఈమధ్య నగరానికి అందం తెస్తామని ఆ బెంచీ కాస్తా పీకేశారు. కాలిబాట అంచున బోల్టులు మిగిలాయి. ఇల్లు ఎలాగూ బోసిపోయింది, ఆవిడ పక్కన కూర్చున్నాననుకునే చోటు కూడా లేకుండా చేశారని అతని ఏడుపు.

కెమెరా తిరిగింది. చెయ్యెత్తి లేచాడు.

"అయ్యా, బస్టాపులో బెంచీ తీసేశారు. మళ్ళీ వేయించండి. మా ఆవిడ కూర్చునేది."

కమిషనరుగారు తలూపి రాసుకున్నారు.

"అద్భుతం! ఇంకొక్కసారి," అంది దర్శకురాలు.

మళ్ళీ అడిగాడు. ఆయన మళ్ళీ అంతే శ్రద్ధగా తలూపారు.

సాయంత్రం బస్టాపులో చెప్పులు కుట్టే ఆయన సామాను సర్దుకుంటున్నాడు.

"ఏంటన్నా, ముఖం వెలిగిపోతోంది? మళ్ళీ పెళ్ళిగానీ కుదిరిందా?"

"నీ తలకాయ్! బెంచీ సంగతి అడిగేశానయ్యా. సాక్షాత్తూ కమిషనరుగారే రాసుకున్నారు."

"ఇంకేం, రేపో మాపో వచ్చేస్తుంది."

"రాక చస్తుందా!"

తువ్వాలు దులిపి బోల్టుల మీద పరిచాడు. పక్కన నేల మీదే మోకాలు చాపుకుని, కరెంటు స్తంభానికి ఆనుకున్నాడు. ఎన్నాళ్ళకో అతని మనసు తేలికపడింది. బస్సు వచ్చింది. "అన్నా, నీ బస్సు," అని చెప్పులాయన కేకేశాడు. పలక్కపోతే వచ్చి భుజం పట్టుకుని కుదిపాడు. అప్పటికే ఒళ్ళు చల్లబడింది.

సినిమా పూర్తయ్యాక బస్టాపు ఎదురుగా పెద్ద తెర కట్టి వేశారు. కుర్చీలాయన చెయ్యెత్తి లేస్తాడు, పెదాలు కదుపుతాడు, పాట వస్తుంది, కమిషనరుగారు తలూపుతారు. బస్సు కోసం నిలబడి కాళ్ళు పీకుతున్న జనం ఓసారి చూసి రోడ్డు వైపు తిరుగుతారు. ఆ పెదాలు ఏమంటున్నాయో అక్కడున్నవాళ్ళలో చెప్పులాయన ఒక్కడికే తెలుసు. పాట మొదలైనప్పుడల్లా తెరకు వీపు పెట్టి చెప్పు కుట్టుకుంటాడు.

"ఎవరిదయ్యా ఈ గుడ్డ? తీసెయ్యనా?" అని ఎవరో అడిగారు.

"ఉండనీ. మనిషున్నారు," అన్నాడు చెప్పులాయన.

వానకు తడిసి, ఎండకు ఎండి, బోల్టుల మీద ఆ తువ్వాలు ఇంకా పరిచే ఉంది.