కంచం మీద పేరు

ఇక్కడ ఖతార్‌లో మగవాళ్ళు వేసుకునే తెల్లటి పొడుగు అంగీని తోబు అంటారు. ఇస్త్రీ చేసేటప్పుడు కాలరు దగ్గర చిన్న మడత మిగిలినా మామా దాన్ని వేలితో చూపించి మళ్ళీ బుట్టలో పడేస్తుంది. మామా అంటే మా యజమానురాలు. వయసులో నాకంటే చిన్నదే అయినా, ఆమెను మామా అని, ఆమె మొగుణ్ణి బాబా అని పిలవడం ఈ ఊళ్ళో పనివాళ్ళకు అలవాటు. ఆ పొద్దున నేను తోబులు ఇస్త్రీ చేస్తున్నాను. నా మొగుడు జలంధర్ బాబా బండి కడిగి, తడి చేతులతోనే వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు.

"గౌరీ, మమత పేరు నా పిల్లల కింద రాయిస్తున్న. వకీలు సుధాకరరావుతోటి మాట్లాడిన" అన్నాడు.

చేతిలో ఇస్త్రీ పెట్టె ఉందన్న సంగతే మరిచిపోయాను. మణికట్టుకు తగిలి చురుక్కుమంటే తెలిసింది.

మమత నా మొదటి పెళ్ళి బిడ్డ. దాని తండ్రి ట్రాక్టరు తిరగబడి చనిపోయేనాటికి అది ఇంకా పాలు తాగుతోంది. జలంధర్‌తో నాకు మారుమనువు మాట్లాడిన రోజు పెద్దమనుషులు అడిగిన మొదటి మాట, "పిల్ల వెంట వస్తదా?" అని. మా అమ్మ బాలవ్వ నా మొహం చూడకుండా, "రాదు. నా కాడనే ఉంటది" అంది. ఆ ఒక్క మాట మీద సంబంధం ఖాయమైంది. నేను కూడా తల వంచుకుని ఊరుకున్నాను. జలంధర్‌కు కూడా అంతకుముందు పెళ్ళయింది. భూలక్ష్మి ఆమె పేరు. విడాకులై కొడుకుతో పుట్టింట్లో ఉంటోంది. ఆ పిల్లవాడికి నెలనెలా మనోవర్తి ఇవ్వాలని కోర్టు చెప్పింది. మగవాడికి వెనక పిల్లవాడుంటే ఎవరూ అడగరు, వెంట వస్తాడా రాడా అని.

మా అత్తగారింట్లో ప్రతి స్టీలు కంచం మీదా ఒక పేరు చెక్కించి ఉంటుంది. చచ్చిపోయిన మామగారి కంచం ఉంది, భూలక్ష్మి తీసుకుపోయిన కొడుకు కంచం కూడా అలమారలో తోమి పెట్టే ఉంది. ఒకసారి మమత నన్ను చూడ్డానికి వచ్చింది. పండగ లేదు, పబ్బం లేదు, అందరికీ కంచాలు పెట్టి అత్త ఆ ఒక్క పిల్లకూ విస్తరాకు వేసింది. "కంచంల పెడితే అలవాటైతది" అంది నాకు వినపడేలా. జలంధర్ పక్కనే కూర్చుని తింటున్నాడు. తల ఎత్తలేదు. మమత తిని, ఆకు మడిచి పట్టుకుని, "యాడ పడెయ్యాలమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్న నాతో పాటు విమానం ఎక్కి ఖతార్ దాకా వచ్చింది.

అందుకే జలంధర్ ఆ మాట అన్న రోజు నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. సాయంత్రం అతని కోసం విడిగా పచ్చిపులుసు చేశాను. మేముండే మదీనత్ అల్ షమాల్ దేశానికి ఉత్తరం కొస, గాలీ ఇసుకా తప్ప మాట్లాడే మనిషి దొరకదు. వినేవాళ్ళు లేక అమ్మకు ఫోన్ చేసి, "అమ్మా, మమతను తన బిడ్డ అన్నడే" అని ఏడ్చాను. అమ్మ కూడా ఏడ్చింది. ఏడ్చి ఊరుకోకుండా మర్నాడు మమత చదువుకునే హాస్టలుకు పోయి వార్డెనుకు చెప్పింది.

తిరిగి అమ్మే ఫోన్ చేసింది. గొంతు మారిపోయి ఉంది. "బిడ్డా, గట్ల రాయియ్యకు. తండ్రి లేని పిల్లని సీటిచ్చిన్రు. దుబాయ్‌ల తండ్రి సాదుతున్నడని కోర్టు కాయిదంల వడితే సీటు పోతదట. కార్డుల పేరు కూడ తీసేస్తరట" అంది. అమ్మకు ఈ దేశాలన్నీ దుబాయే. దాని రూపాయి బియ్యం కూడా అమ్మ రేషన్ కార్డు మీదే వస్తున్నాయి.

మా గది కారు షెడ్డు వెనక ఉంది. జలంధర్ మంచం మీద కూర్చుని చెప్పులు తుడుచుకుంటుంటే అడిగాను. "ఏమయ్యా, మమత పేరు ఎందుకు రాయిస్తున్నవు?"

అతను నవ్వాడు. "ఎందుకేందే? భూలక్ష్మి మనోవర్తి పెంచాలని కోర్టుకెక్కింది. ఇంకో పిల్లను గూడ సాదుతున్నడు, పెండ్లానికి సంపాదన లేదు అని నువ్వు ఎంబసీల సంతకం పెడితే పెంచుడు కాదు, ఉన్నదే తగ్గుతది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. వకీలే చెప్పిండు."

"మమతకు నువ్వు ఏం పంపుతవు మరి?"

"పంపుడేంది? పేరే గదా రాసేది."

ఆ తర్వాత నాకు కుదురు లేదు. కూరగాయలు తరుగుతూ ఆలోచిస్తాను, తరిగినవాటినే మళ్ళీ కడుగుతాను. నాకు ఆశ లేదంటే అబద్ధం. భూలక్ష్మికి తగ్గితే ఊళ్ళో కడుతున్న మా ఇంటికి స్లాబు తొందరగా పడుతుంది. ఆమె మీద నాకు ప్రేమేమీ లేదు. ఆమె కొడుకు పేరు నా నోటితో ఎప్పుడూ పలకలేదు, 'ఆమె కొడుకు' అనేదాన్ని. మరి ఎందుకీ మంట? నా బిడ్డను అడ్డం పెట్టి ఇంకొక తల్లి బిడ్డ మజ్జిగలో నీళ్ళు పోస్తున్నారు. ఆ మజ్జిగ నా బిడ్డ గ్లాసులోకి వస్తుందా అంటే అదీ లేదు, ఉన్న గ్లాసు కూడా లాక్కుంటారు. అన్నం పెట్టేటప్పుడు పరాయిదైన పిల్ల, అన్నం తగ్గించేటప్పుడు సొంతదైంది. ఇక 'సంపాదన లేదు' అన్న మాట. బాబా ఇద్దరి జీతమూ ఒకే కవర్లో పెట్టి జలంధర్ చేతికిస్తాడు. "నా వెనక వచ్చినవని పెట్టుకున్నరు, లేకుంటే నీకెవరిస్తరు ఫులూస్, గిన్ని పైసలు" అని అతను ఎన్నిసార్లు అన్నాడో. విని విని నేనూ నమ్మాను. ఇంత పెద్ద ఇంటికి వండి, ఉతికి, పిల్లల ముడ్లు కడిగి, నేనొక డ్రైవరు వెనక వచ్చిన సామానునని.

కాదంటే ఏమవుతుందో కూడా తెలుసు. మొగుడూ పెళ్ళాలైతేనే డ్రైవరుగా, వంటమనిషిగా పెట్టుకుంటామన్నది బాబా షరతు. మాలో మాకు చెడితే ఇద్దరికీ ఉద్యోగం మాఫీ, ఇక్కడి మాటలో లేనట్టే.

ఎంబసీలో సంతకానికని సెలవడిగి దోహాకు బయలుదేరాం. అవి గ్యాసు డబ్బుకు దేశం ఉబ్బిపోతున్న రోజులు. ముషైరిబ్ దగ్గర పాత వీధులు కూల్చి క్రేన్లు నిలబెట్టారు. జలంధర్ మంచి హుషారు మీద ఉన్నాడు. టీ ఇప్పించాడు, మణికట్టు మీద బొబ్బ చూసి, "మందు రాసుకోరాదు" అని కూడా అన్నాడు. మంచి మాట దొరికినప్పుడల్లా కరిగిపోవడం నాకున్న జబ్బు. ఆ రోజు మాత్రం టీ చప్పగా ఉంది.

ఎంబసీలో గుమాస్తా మలయాళీ. కాగితం ఇంగ్లీషులో ఉందని నాకు హిందీలో చదివి వినిపించాడు. నేను గృహిణిని. నాకు ఎలాంటి సంపాదనా లేదు. నా భర్త ఇద్దరు పిల్లలను పోషిస్తున్నాడు.

గృహిణి అన్న మాట దగ్గర నాకు నవ్వు వచ్చింది. ఏ గృహం?

"అంతా నిజమేనా?" అన్నాడు గుమాస్తా.

"హా సాబ్, సబ్ సహీ హై" అన్నాడు జలంధర్.

"నిన్ను కాదు. ఆమెను అడుగుతున్నా."

మమత మడిచిన ఆకు పట్టుకుని నా ముందు నిలబడ్డట్టే ఉంది. యాడ పడెయ్యాలమ్మా?

"తప్పు ఉంది సార్" అన్నాను నాకొచ్చిన హిందీలో. "నేను వంట చేస్త. నాకు జీతం ఉంది. నా బిడ్డను మా అమ్మ సాదుతది, ఈయన కాదు."

జలంధర్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏందే, పిచ్చి లేసిందా? ఇంటికి నడువు నీ సంగతి చెప్త."

నేను చెయ్యి విడిపించుకున్నాను. గుమాస్తా అతన్నీ నన్నూ మార్చి మార్చి చూసి కాగితం పక్కన పెట్టాడు.

"అయితే ఇతను పోషించాల్సిన పిల్లలు ఎందరు?"

"ఒక్కడే సార్" అన్నాను. "పేరు రాకేశ్. ఇంట్ల కంచం మీద చెక్కిచ్చి ఉన్నది."