పదకొండు జన్యువుల సారు

పరిశోధనశాలలో ఆయన్ని చాటుగా అందరూ పదకొండు జన్యువుల సారు అనేవారు. అన్నవాహికకు క్యాన్సర్ వచ్చినవాళ్ళ కణితిలో పదకొండు రోగనిరోధక జన్యువులు ఎంత చురుగ్గా ఉన్నాయో కొలిస్తే, ఎవరు నాలుగు కాలాలు బతుకుతారో చెప్పేయవచ్చని ఆయన పేపరు రాశాడు. ఒక్క రోగి మొహం చూసిన పాపాన పోలేదు. రెండు ఆసుపత్రుల్లో ఎవరో పోగుచేసిన రోగుల లెక్కల్ని కంప్యూటర్లోకి దించుకుని, తన దగ్గర చేరిన పరిశోధక విద్యార్థిని చేత చాకిరీ చేయించి, పేరు మాత్రం తనది ముందు వేసుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు పదకొండే కాళ్ళని వాదించే రకం.

అలాంటి మనిషికి ముద్ద దిగడం మానేసింది. సర్జన్ గొంతులోకి గొట్టం దింపి చిన్న ముక్క తీసి, పరీక్ష కాగితం చూసి, అదే క్యాన్సర్ అన్నాడు. వచ్చే గురువారమే ఆపరేషన్ అన్నాడు. సారు కత్తంటే భయమని చెప్పుకోలేక, తన జన్యువులు కూడా కొలిపించి, ప్రమాదం తక్కువని వస్తే మందులతో సరిపెట్టుకుంటానన్నాడు.

"మీ ఇష్టమొచ్చినట్టు దిద్దుకోడానికి అది పేపరు కాదండీ, మీ గొంతు" అంది భార్య.

బుధవారం విద్యార్థిని ఫలితం తెచ్చింది.

"మొదటి ఆసుపత్రి రోగులతో కలిపి చూస్తే మీకు ప్రమాదం తక్కువ సార్. రెండో ఆసుపత్రి వాళ్ళతో కలిపితే ఎక్కువ."

"అదెలా అమ్మా? నేనొక్కణ్ణేగా?"

"రోగుల్ని ప్రమాదాన్ని బట్టి వరసలో పెట్టి, సరిగ్గా మధ్యలో గీత గీశాం కద సార్. ఎవర్ని తెచ్చి వరసలో నిలబెట్టినా సగంమంది గీతకి పైనే ఉంటారు. పక్కనున్నవాళ్ళు మారితే మీ చోటూ మారుతుంది."

అలా గీయమన్నది ఆయనే. రెండో ఆసుపత్రి లెక్కలు పొసగడం లేదని ఆమె మొత్తుకుంటే, వాటిని పేపర్లోంచి తీసేయమన్నదీ ఆయనే.

"మరి ఇందులో నిజం ఏది?"

"అది మనం ఎప్పుడూ చూడలేదు సార్."

ఆయన మింగలేక కక్కలేక కూర్చున్నాడు. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ రాలేదు. భయమే వచ్చింది.

ఇంటికెళ్ళేసరికి భార్య, ఆయన్ని అడక్కుండానే, ఆసుపత్రికి బట్టలు సర్దుతోంది.

"ఏమొచ్చిందండీ?"

"రెండూ వచ్చాయి" అన్నాడు. "పద, బయల్దేరదాం."