కదపని నిప్పులు

ఆ చలికాలమంతా ఉల్యానాకు శత్రువంటే బూడిదే. పసివాడు తిమోషాను దగ్గు పట్టుకుని వదలడం లేదు. "ఇంట్లో బూడిద ఎగరనివ్వకమ్మా, వీడి ఊపిరితిత్తులు లేతవి" అని ఊరి నర్సు చెప్పి వెళ్లినప్పటినుంచి ఆమె చేతిలోని తడిగుడ్డ కింద పెట్టలేదు. పొయ్యిలో చల్లారిన బూడిద ఎత్తేముందు దానిమీద గుప్పెడు మంచు చల్లేది. ఇనుప బకెట్టుకు మూత బిగించి బయట పెట్టేది.

"పొగను కూడా ఉతికి ఆరేసేలా ఉన్నావే!" అని అత్తగారు అగాఫ్యా ఎకసెక్కమాడేది.

"రాత్రంతా మీరు దగ్గి చూడండమ్మా, అప్పుడు తెలుస్తుంది" అనేది ఉల్యానా.

ఆ ఉదయం గాలి తిరగబడింది. పొగగొట్టంలోంచి కిందికి కొట్టి బూడిదను గదిలోకి చిమ్ముతోంది. కట్టెలు కాలిపోయాయి, నిప్పులు బూడిద కప్పుకున్నాయి. వేడి నిలవాలంటే ఇక పొగగొట్టం మూసేయాలి. మూసేముందు ఊచతో నిప్పులు కదిపి, నీలిమంట ఎక్కడా లేదని చూసుకోవాలి. లేకపోతే విషగాలి ఇంట్లో నిలిచి మనుషుల ప్రాణాలు తీసేస్తుంది. ఆ సైబీరియా పల్లెలో ఈ సంగతి తెలియని ఇల్లాలు లేదు. కానీ కదిపితే దుమ్ము లేస్తుంది. తిమోషాకు అప్పుడే కన్ను అంటుకుంది. ఉల్యానా పైపైన చూసి, గొట్టం మూసే ఇనుప పలకను లోపలికి తోసేసింది.

"అమ్మా, వాణ్ణి చూస్తూండండి" అని పాలు పితకడానికి కొట్టంలోకి వెళ్లింది.

ఆవు దగ్గర కూర్చుని చేతులు కడుక్కుంటుంటే నీళ్లు తేటగానే ఉన్నాయి. రోజూ ఊచ పట్టిన చేతుల బూడిదకు అవి నల్లబడేవి. నిప్పులు కదపలేదన్న సంగతి అప్పుడు తట్టింది. చెంబు తన్నేసి, మంచులో పడుతూ లేస్తూ పరుగెత్తింది.

గది అద్దంలా ఉంది. పొగ లేదు, వాసన లేదు. చలి రాకుండా కిటికీ సందులన్నిటికీ ఆమే కాగితం అంటించింది. అగాఫ్యా బల్లమీద తల వాల్చేసింది. ఉయ్యాల కదలడం లేదు.

పలక లాగేసింది. తలుపులు బార్లా తీసింది. బిడ్డను గొర్రెతోలులో చుట్టి గుమ్మం బయట పెట్టి, అత్తను చంకల కింద పట్టి ఈడ్చింది. "నర్సును పిలవండర్రా!" అని పక్కింటికి వినబడేలా అరిచింది.

బిడ్డ బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. మెడ వాలిపోయింది.

"దగ్గురా నాన్నా" అని వాణ్ణి కుదుపుతూ ఏడ్చింది. "ఒక్కసారి దగ్గురా. నీ కాళ్లు పట్టుకుంటా, దగ్గు!"

అగాఫ్యా పక్కకు దొర్లి వాంతి చేసుకుంది. బిడ్డ మాత్రం కదల్లేదు. ఉల్యానా వాడి వీపు రుద్దుతూనే ఉంది.

వాడు దగ్గాడు. మళ్లీ దగ్గాడు. ఆ తర్వాత గుక్కపట్టి ఏడ్చాడు.

తెరిచిన తలుపులోంచి బూడిద ఎగిరివచ్చి ముగ్గురి మీదా పడుతోంది.

"ఇల్లంతా పాడైపోతోందే పిల్లా" అంది అగాఫ్యా, తల పట్టుకుని.

"పోనివ్వండమ్మా" అంది ఉల్యానా. వాడి దగ్గు వింటూ అక్కడే కూర్చుంది.