ఇత్తడి వెయ్యాల్సిన చోట

పొద్దున్నే షెడ్డు తలుపు తీసి, లేతు మీద నిన్నటి ఇనప రజను ఊడ్చి, ఓ గ్లాసుడు టీ కడుపులో పడ్డాక గానీ పళ్ళ మేస్త్రి ఎవరితోనూ మాట్లాడడు. గేర్లకు పళ్ళు కోసే మనిషి కాబట్టి ఆ పేరొచ్చింది. ఊరందరి గేర్లకూ పళ్ళు పెట్టినవాడి నోట్లో మిగిలినవి నాలుగేనని వేళాకోళం చేసేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు, ఆ నాలుగూ కనబడేలా.

బోల్టు బిగించేటప్పుడు మాత్రం పెదవి కదపడు. ఏ పనివాడూ కదపడు. బిగిస్తూ అన్న మాట బోల్టులో ఉండిపోతుంది, మళ్ళీ విప్పినప్పుడు అన్నవాళ్ళ గొంతుతోనే బయటికొచ్చి పోతుంది. ఇదేం కొత్త సంగతి కాదు. మొన్న ఆస్పత్రి మంచం ఒకటి విప్పితే, ఎవరో వాళ్ళ అత్తగారిని తిట్టిన తిట్లు వరసగా వచ్చాయి. రోగి కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. కడుపులో దాచుకోలేని మాటేదైనా ఉంటే రివెట్టు కొట్టేటప్పుడు చెప్పుకుంటారు, దాన్ని ఎవరూ విప్పరు గనక.

ఇంత తెలిసిన మనిషి, పదకొండేళ్ళ కిందట కూతురి మిషను దగ్గర నోరు జారాడు.

ఆయన పక్కనే షెడ్డులో పెరిగిన పిల్ల. లేతు మీద ఆమె చెయ్యి ఆయన చేతికన్నా నిలకడ. పని మొత్తం ఆమెకే అప్పజెప్పాలని కలలు కన్నాడు. ఆమేమో పూలకుండీలు చేసే అతన్ని పెళ్ళాడి, “నేనూ కుండీలే చేస్తాను నాన్నా” అంది. పైకి సరేనన్నాడు. మట్టి కలిపే మిషను తన చేత్తోనే తయారుచేసి కానుకగా ఇద్దామనుకున్నాడు. లోపల మాత్రం కుతకుతలాడిపోయాడు.

ఆ మిషనులో మోటారుకూ గేర్లకూ మధ్య ఒక బోల్టుంటుంది. అది మెత్తటి ఇత్తడిదే వెయ్యాలి. మట్టిలో రాయి అడ్డం పడితే ముందు అది తెగి, గేర్లను కాపాడుతుంది. “ముందు విరగాల్సింది ఏదో నువ్వే ఎంచిపెట్టాలి. లేకపోతే మిషనే ఎంచుకుంటుంది” అని కూతురికి నేర్పింది ఆయనే. ఇత్తడి బోల్టులు ఎప్పుడూ లేతు మీద ఆమే తిప్పి చేసేది. ఆ రోజు ఆమె లేదు. ఆ ఉక్రోషంలో డబ్బాలోంచి గట్టి ఉక్కు బోల్టు ఒకటి తీసి బిగించేశాడు. బిగిస్తూ అన్నాడు: “ఇది నాకు పుట్టకపోయినా బాగుండేది.”

అనేసి నాలుక కరుచుకున్నాడు. విప్పేద్దామనేసరికి బండివాణ్ణి వెంటబెట్టుకుని కూతురు గుమ్మంలో ఉంది. విప్పితే ఆమె ముందే పలుకుతుంది. ఓ వారం ఆగి వెళ్ళి మార్చొద్దామనుకున్నాడు. వారం నెలైంది, నెల ఏడాదైంది. కూతురు ఏటా రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళేది. తను మాత్రం మోకాళ్ళ నొప్పులని, పని ఒత్తిడని ఏదో ఒక వంక చెప్పి ఆ ఇంటి గడప తొక్కలేదు.

చివరికి అల్లుడు ఫోన్ చేశాడు. “మట్టిలో రాయి పడింది మావయ్యా. పెద్ద గేరుకు ఏడు పళ్ళు రాలిపోయాయి. మిషను ఆగిపోయింది.”

తప్పెక్కడుందో ఆయన అడగలేదు. రెండు రోజుల్లో కొత్త గేరు కోశాడు, ఇత్తడి బోల్టు తనే తిప్పాడు, బస్సెక్కాడు. ఇంకెవరో మెకానిక్ విప్పేలోపు, ఆమె చెవిన పడకుండా తను విప్పాలి. దారంతా అదే గుబులు.

కుండీల షెడ్డులోకి వెళ్తూనే, “కాసిని మంచినీళ్ళు తేమ్మా” అని కూతుర్ని లోపలికి పంపాడు. స్పానర్ వేసి తిప్పాడు. గొంతు వచ్చింది. ఆయనది కాదు.

“నాన్న తప్పు బోల్టు వేశాడు. ఆయనకీ తెలుసు. తెలిసీ ఊరుకునే మనిషి కాదు, మార్చడానికి వస్తాడు. అప్పటిదాకా ఇదే ఉండనీ.”

పదకొండేళ్ళ కిందటి లేత గొంతు. తలెత్తి చూస్తే, నీళ్ళ గ్లాసుతో కూతురు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది.

“ఎప్పుడు విప్పావు?”

“నెల తిరక్కుండానే. కొత్త మిషనుకు ఓసారి బోల్టులన్నీ చూసుకోమని నువ్వేగా చెప్పావు.”

“అయితే నా మాట...”

“విన్నాను.”

“అన్నిసార్లు ఇంటికొచ్చావు, ఒక్కసారైనా అడగలేదే తల్లీ?”

“నువ్వే చెబుతావని చూశాను నాన్నా. మూడేళ్ళు చూశాను. తర్వాత మానేశాను.”

ఆమె గొంతులో కోపం లేదు. కోప్పడినా ఇంత బాధ ఉండేది కాదు. ఆమె వినకూడదని ఆయన ఇన్నేళ్ళూ మొహం చాటేశాడు. ఆమె విని, ఆయన వచ్చి మారుస్తాడని వదిలేసిన ఆ తప్పు బోల్టుతోనే ఇన్నేళ్ళూ మట్టి కలుపుకుంది.

ఇద్దరూ కలిసి గేరెక్కించారు. ఇత్తడి బోల్టు ఆమె చేతిలోకి తీసుకుని వెలుతురుకేసి చూసింది.

“మర చుట్లు సరిగ్గా పడలేదు. చెయ్యి వణుకుతోందా?”

“కొంచెం.”

“నేను బిగిస్తాను. ఏమైనా అనాలనుంటే అను.”

మెల్లగా తిప్పసాగింది, కావాలనే మెల్లగా. ఇన్నేళ్ళుగా కూర్చుకున్న మాటలన్నీ ఆయన మనసులో మళ్ళీ వరస పెట్టుకున్నాడు. తప్పయిపోయిందమ్మా అనాలి. నువ్వు పుట్టిన రోజు షెడ్డుకు తాళం కూడా వెయ్యకుండా పరిగెత్తానని చెప్పాలి. బోల్టు ఒక్కో చుట్టూ లోపలికి పోతోంది. స్పానర్ బిగుసుకుంది.

“చాలమ్మా,” అన్నాడు. “ఇత్తడిది. తెగుతుంది.”

ఆమె చెయ్యి ఆపింది. ఇంకాసేపు ఆయన మొహంలోకి చూసి, స్పానర్ తీసేసింది. ఈసారి రాయి పడి, తెగిన బోల్టు విప్పినప్పుడు ఆమెకు వినిపించేది ఆ మాటే.